నలుగురితో మెలిగే తీరు – విశ్వాసి తీర్చవలసిన బాకీ

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో ఒక వ్యక్తి సాక్ష్యం చెప్పడానికి ఆయన ముందుకు వచ్చాడు. అతనెవరో ఖలీఫాకు తెలియదు. నిన్ను ఎరిగినవాణ్ణి ఎవరినైనా తీసుకురమ్మన్నారు. అక్కడున్న ఒకాయన లేచి, ఇతను నాకు తెలుసు, మంచివాడు, న్యాయం తప్పనివాడు అని చెప్పాడు. అప్పుడు ఉమర్ (రజి) ఆయన్ని మూడు ప్రశ్నలు అడిగారు. రాత్రీ పగలూ ఇతని రాకపోకలు చూసే పొరుగువాడివా? ఇతనితో డబ్బు వ్యవహారం ఏమైనా జరిపావా? ఇతనితో కలిసి ప్రయాణం చేశావా? మూడింటికీ లేదనే జవాబు వచ్చింది. అయితే ఇతను నీకు తెలియదని ఖలీఫా తేల్చి చెప్పారు. మసీదులో ఇతను తల వంచుతూ లేపుతూ ఉంటే చూసి ఉంటావని కూడా ఆయన అన్నట్టు కొన్ని గ్రంథాల్లో ఉంది.

ప్రియమైన సోదర సోదరీమణులారా! ఈ సంఘటనను కాస్త నిదానంగా ఆలోచించండి. ఉమర్ (రజి) నమాజును తక్కువ చేయలేదు. నమాజు మనిషిని మార్చిందో లేదో చూడాలంటే అతన్ని మసీదు బయట చూడాలని చెప్పారు. పక్క ఇంట్లో, కొట్టు దగ్గర, దారిలో ఎలా ఉన్నాడన్నదే అసలు సాక్ష్యం.

ఈ మూడు చోట్లూ మనకు దూరంగా లేవు. బాపట్ల జిల్లా వేమూరు లాంటి ఊరినే తీసుకోండి. ప్రహరీగోడకు అటు ఒక ఇల్లు, ఇటు ఒక ఇల్లు. వీధి చివర కిరాణా కొట్టు, అందులో అప్పు రాసుకునే ఖాతా పుస్తకం. ఊరి స్టేషనులో ఆగే తెనాలి - రేపల్లె రైలు. ఉమర్ (రజి) అడిగిన పొరుగు, డబ్బు, ప్రయాణం మూడూ ఒక్క రోజులోనే మన ముందుకు వస్తాయి. పొద్దున ఫజ్ర్ నమాజు చేసి బయటికి వచ్చినవాడికి రాత్రి ఇషా లోపల ఈ మూడు పరీక్షలూ జరిగిపోతాయి.

ఇది నేర్పు కాదు, హక్కు

నలుగురితో ఎలా మాట్లాడాలి, ఎదుటివారిని ఎలా ఆకట్టుకోవాలి అని నేర్పే పుస్తకాలు, శిక్షణా తరగతులు ఈ రోజుల్లో చాలా ఉన్నాయి. వాటిలో మంచి విషయాలు లేకపోలేదు. అయితే వాటిలో చాలావాటి లెక్క ఒకటే: చక్కగా మాట్లాడితే ఉద్యోగం వస్తుంది, బేరం కుదురుతుంది, పేరు వస్తుంది. లాభం లేని చోట ఆ చిరునవ్వు ఏమవుతుందో ఆ పుస్తకాలు చెప్పవు.

ఇస్లాం ఈ విషయాన్ని వేరే చోట నుంచి మొదలుపెడుతుంది. ఎదుటి మనిషితో మంచిగా మెలగడం మన దయ కాదు, అది అతని హక్కు. దాన్నే హుఖూఖుల్ ఇబాద్, అంటే దైవదాసుల హక్కులు అంటారు. హక్కు ఇవ్వకపోతే బాకీ పడతాం. ఆ బాకీ ఎప్పుడో ఒకప్పుడు తీర్చక తప్పదు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి తమ సహచరులను, దివాలా తీసినవాడు ఎవరో తెలుసా అని అడిగారు. డబ్బూ సరుకూ లేనివాడని వారన్నారు. ప్రవక్త (స) మరొక దివాలాకోరును చూపించారు. ప్రళయదినాన అతను నమాజులు, ఉపవాసాలు, జకాత్ అన్నీ వెంట తెచ్చుకుంటాడు. కానీ ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరి మీద నింద వేసి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఇంకొకరిని కొట్టి ఉంటాడు. వాళ్ళందరూ వచ్చి అతని పుణ్యాలు పంచుకుపోతారు. పుణ్యాలు అయిపోయాక కూడా బాకీ మిగిలితే వాళ్ళ పాపాలు అతని మీద పడతాయి. చివరికి నరకానికి నెట్టబడతాడు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసు భావం విన్నాక, నోటి దురుసుతనాన్ని చిన్న తప్పుగా ఎలా తీసుకోగలం? అల్లాహ్ పట్ల చేసిన లోపాలకు తౌబా ఉంది. మనిషి హక్కు విషయంలో తౌబాతో పాటు ఆ మనిషికి జరిగిన నష్టాన్ని సరిచేయాలని, అతని క్షమాపణ కూడా పొందాలని ధర్మవేత్తలు చెబుతారు.

మొదటి పరీక్ష: దారిలో, రైల్లో

దారిలో ఎదురయ్యేవారి మొదటి హక్కు సలాం. ఎవరు ముందు సలాం చేయాలన్నది కూడా ప్రవక్త (స) నేర్పారు. వాహనం మీద వెళ్ళేవాడు నడిచేవాడికి, నడిచేవాడు కూర్చున్నవాడికి, కొద్దిమంది ఎక్కువమందికి చేయాలి. ఇందులోని అందం గమనించండి. పైన ఉన్నవాడే కిందికి దిగాలి. ఇవాళ కాలువ గట్టు మీద మోటారు సైకిలుపై పోయే యువకుడు, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చే పెద్దాయన్ని ముందుగా పలకరించాలన్న మాట. తెలిసినవారికీ తెలియనివారికీ కూడా సలాం చేయడం ఇస్లాంలోని మేలైన పనుల్లో ఒకటని ప్రవక్త (స) చెప్పారు. ఆయన పిల్లలకు కూడా సలాం చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. సలాం చేసినవారికి అంతకన్నా మేలుగా, లేదా కనీసం అంతే మంచిగా బదులివ్వాలని దివ్యఖుర్‌ఆన్ (4:86) ఆజ్ఞాపించింది. ముఖం తిప్పుకుని పెదవి కదిపితే బదులిచ్చినట్టు కాదు.

రైలు, బస్సు ఎక్కినప్పుడు మరో ఆజ్ఞ గుర్తుంచుకోవాలి. సభల్లో చోటివ్వమన్నప్పుడు జరిగి చోటివ్వాలని, అలా చేసేవారికి అల్లాహ్ విశాలతను ప్రసాదిస్తాడని ముజాదలహ్ సూరా (58:11) తెలుపుతోంది. ప్రయాణంలో తన అవసరానికి మించి వాహనం ఉన్నవాడు లేనివాడికి ఇవ్వాలని, అదనపు ఆహారం ఉన్నవాడు లేనివాడికి ఇవ్వాలని ప్రవక్త (స) ఒక ప్రయాణంలోనే చెప్పారు. సీటు మీద సంచి పెట్టి మనిషిని నిలబెట్టేవాడు ఈ పాఠాన్ని ఇంకా చదవలేదు.

ఇక వినడం. మాట్లాడడం కన్నా ఇది కష్టం. మక్కాలో ఖురైష్ నాయకుడు ఉత్బా బిన్ రబీఆ ప్రవక్త (స) వద్దకు వచ్చి, ఈ ప్రచారం మానుకుంటే ధనమిస్తాం, నాయకత్వమిస్తాం, జబ్బైతే వైద్యం చేయిస్తాం అంటూ ఒకదాని తరువాత ఒకటి చెప్పుకుపోయాడు. ప్రతి మాటా ఆయనను నొప్పించేదే. అయినా ప్రవక్త (స) మధ్యలో అడ్డుపడలేదు. అతను ఆగాక, చెప్పవలసింది పూర్తయిందా అని గౌరవంగా అడిగి, ఆ తరువాతే హామీమ్ సజ్దా సూరా వినిపించారు. ఉత్బా ఇస్లాం స్వీకరించలేదు. కానీ తనవాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళి, ఆయన్ని ఆయన మానాన వదిలేయండని సలహా ఇచ్చాడు. శత్రువు మాటనే పూర్తిగా విన్న ప్రవక్తను అనుసరించేవాళ్ళం మనం. భార్య మాట, కొడుకు మాట సగంలో కోసేయడం మనకు తగునా?

హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) అనుభవం కూడా చెప్పుకోదగినది. ప్రవక్త (స) తనవైపు పూర్తిగా తిరిగి, శ్రద్ధగా మాట్లాడే తీరు చూసి, ఆయన దృష్టిలో అందరికన్నా ఉత్తముణ్ణి నేనేనేమో అని ఆయన అనుకున్నారు. ఒకరోజు అడిగేశారు కూడా. అబూబక్ర్ మేలా, నేను మేలా? అబూబక్ర్ అన్నారు ప్రవక్త (స). ఉమరా, నేనా? ఉమర్ అన్నారు. ఉస్మానా, నేనా? ఉస్మాన్ అన్నారు. అడగకుండా ఉంటే బాగుండేదని అమ్ర్ (రజి) అనుకున్నారు. ప్రవక్త (స) నిజం దాచలేదు, పొగడ్తలూ చెప్పలేదు. ఆయన చేసిందల్లా ఎదుటివారికి తమ పూర్తి ధ్యాస ఇవ్వడమే. చేతిలోని ఫోను చూస్తూ 'ఊఁ' కొట్టేవాళ్ళకు ఇందులో చాలా పెద్ద పాఠం ఉంది.

రెండవ పరీక్ష: డబ్బు, నీళ్ళు

అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు మెతకగా ఉండేవాణ్ణి అల్లాహ్ కరుణించాలని ప్రవక్త (స) దుఆ చేశారు. ఒకసారి ఆయనకు అప్పిచ్చిన వ్యక్తి వచ్చి పరుషంగా మాట్లాడాడు. సహచరులు అతని మీదికి లేవబోయారు. ప్రవక్త (స) వారిని ఆపి, హక్కు గలవాడికి మాట్లాడే అధికారం ఉంటుందన్నారు. తీసుకున్న ఒంటెకన్నా మంచి ఒంటెను ఇప్పించారు. మనమేం చేస్తాం? అప్పు అడిగినవాణ్ణే 'నలుగురిలో పరువు తీశాడు' అని నిందిస్తాం. ఆ కొట్టు ముందునుంచి వెళ్ళడం మానేసి వేరే వీధిన తిరుగుతాం. కట్టలేని పరిస్థితి ఉంటే ఎదురుగా వెళ్ళి గడువు అడగడం మర్యాద. ఇబ్బందిలో ఉన్నవాడికి గడువివ్వడం అప్పిచ్చినవాడి ధర్మం. ఇది బఖరా సూరా (2:280) ఆదేశం. అప్పు రాసుకొమ్మని చెప్పే ఆయతు (2:282) కూడా మనుషుల మధ్య మాట చెడకుండా కాపాడేదే.

డెల్టా ఊళ్ళల్లో డబ్బుకన్నా ఎక్కువ తగాదాలు పెట్టేది నీరు. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ నేల బతుకు కాలువ మీదే. కాలువ నుంచి బోదెకు, బోదె నుంచి చేలకు నీరు అందాలి. ఎగువ చేనువాడు తన మడి నిండేదాకా గండి పూడ్చి కూర్చుంటే దిగువ చేనువాడి నారు ఎండుతుంది. నాట్ల వేళ ఒక రాత్రి గట్టు దగ్గర పుట్టిన మాట, రెండు ఇళ్ళ మధ్య ఏళ్ళ తరబడి గోడై నిలుస్తుంది.

సరిగ్గా ఇటువంటి తగాదానే మదీనాలో ప్రవక్త (స) ముందుకు వచ్చింది. హజ్రత్ జుబైర్ (రజి) చేను ఎగువన ఉంది. దిగువ చేను అన్సారీ ఒకాయనది. నీటిని ఆపకుండా వదలమని ఆయన అడిగాడు. జుబైర్ (రజి) ఒప్పుకోలేదు. ఇద్దరూ ప్రవక్త (స) వద్దకు వచ్చారు. నీ చేను తడుపుకుని, తరువాత నీ పొరుగువాడికి వదిలెయ్యమని ఆయన జుబైర్ (రజి)తో చెప్పారు. అన్సారీకి కోపం వచ్చింది. ఆయన మీ మేనత్త కొడుకు కాబట్టే ఇలా తీర్పు చెప్పారని అనేశాడు. ప్రవక్త (స) ముఖం రంగు మారింది. అప్పుడు జుబైర్ (రజి)తో, నీళ్ళు గట్టు దాకా నిండేవరకు నిలుపుకుని ఆ తరువాత వదలమన్నారు.

ఈ హదీసు వివరణలో పండితులు చెప్పే మాట మన గట్ల మీద బాగా పనికొస్తుంది. రెండవసారి చెప్పింది జుబైర్ (రజి) పూర్తి హక్కు. మొదటిసారి చెప్పింది ఇద్దరికీ మేలు చేసే సర్దుబాటు. అంటే హక్కున్నవాణ్ణి కూడా కొంత తగ్గమని ప్రవక్త (స) ముందుగా కోరారు. అన్సారీ నోరు జారి ఆ సర్దుబాటును పోగొట్టుకున్నాడు. ఎగువ చేనువాడు నేర్చుకోవలసింది ఒకటి: చట్టం నా పక్షాన ఉన్నా పక్కవాడి నారు కూడా నా కళ్ళకు కనబడాలి. దిగువవాడు నేర్చుకోవలసింది మరొకటి: నష్టం కలిగినా ఎదుటివాడి నీయత్తును శంకించి మాట తూలకూడదు. ఒక్క పరుషవాక్యం దగ్గరకు వచ్చిన నీళ్ళను వెనక్కి పంపింది.

మూడవ పరీక్ష: పక్క ఇల్లు

పొరుగువారి గురించి జిబ్రయీల్ (అలైహిస్సలాం) ఎంతగా నొక్కి చెప్పారంటే, వారికి ఆస్తిలో వాటా కూడా ఇస్తారేమో అని ప్రవక్త (స) అనుకున్నారు. కూర వండినప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని హజ్రత్ అబూజర్ (రజి)కి చెప్పారు. పెద్ద విందు చేయమనలేదు. పులుసు కొంచెం పలచబడినా ఫరవాలేదు, గిన్నె మాత్రం గోడ దాటాలి.

ఆ పొరుగువారు ముస్లింలే కానక్కరలేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను జిబహ్ చేసినప్పుడు, మన యూదు పొరుగింటికి పంపారా అని మళ్ళీ మళ్ళీ అడిగారు. మతం విషయంలో మనతో పోరాడనివారి పట్ల, మనల్ని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టనివారి పట్ల మంచిగా, న్యాయంగా ఉండడాన్ని అల్లాహ్ వారించలేదని ముమ్తహినా సూరా (60:8) స్పష్టం చేసింది. మనుషులతో మంచి మాట పలకాలన్న ఆజ్ఞ (2:83) కూడా అందరు మనుషుల గురించీ వచ్చిందే. వేమూరు వైపు ఊళ్ళల్లో మన ఇళ్ళు కొద్ది. చుట్టూ ఉన్నవి హిందూ, క్రైస్తవ సోదరుల ఇళ్ళు. వారిలో చాలామంది ఇస్లాంను పుస్తకంలో చదవరు, మన నడవడికలో చదువుతారు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చింది. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంక ఊళ్ళు నీట మునిగాయి. అలాంటి రాత్రి ఎవరి మేడ మీదికి ఎవరు చొరవగా ఎక్కగలరు? పసిబిడ్డకు పాలు కావాలని ఎవరి తలుపు తట్టగలరు? ఆ సంగతి అంతకు ముందు పదేళ్ళ పలకరింపుల్లోనే తేలిపోయి ఉంటుంది. పొరుగు బంధం వరద రోజున అల్లుకునేది కాదు.

ఇక్కడే నోటి గురించి ఒక మాట. ఎగతాళి చేయవద్దు, చెడ్డ పేర్లతో పిలవవద్దు, చెడుగా అనుమానించవద్దు, కూపీ లాగవద్దు, వెనుక నిందించవద్దు అని హుజురాత్ సూరా (49:11, 12) ఒక్కొక్కటిగా వారించింది. మన సమాజంలోనే దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో వారి మాట తెలుగు. తాతల నాటి వృత్తి దూది ఏకడం. వృత్తి పేరు పెట్టి నవ్వడం, 'ఉర్దూ రాని సాయిబు' అని చిన్నబుచ్చడం కొందరికి సరదాగా ఉంటుంది. హజ్రత్ అబూజర్ (రజి) అంతటి సహాబీ ఒకరిని తల్లి పేరెత్తి కించపరచినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని ప్రవక్త (స) మందలించారు. ఏ భాషలో మాట్లాడినా కలిమా ఒక్కటే. చేతి కష్టం తిన్నవాణ్ణి వెక్కిరించినవాడు తన పుణ్యాలనే అతనికి రాసిచ్చుకుంటున్నాడు.

తప్పు చెప్పే తీరు, కలిపే తీరు

ఒక పల్లెటూరి అరబ్బు మస్జిదె నబవీలోనే మూత్రం పోయసాగాడు. సహచరులు కేకలు వేస్తూ లేచారు. ప్రవక్త (స) వారిని ఆపారు, అతన్ని పూర్తి చేయనిచ్చారు. ఒక చేదెడు నీళ్ళు అక్కడ పోయించారు. తరువాత అతన్ని పిలిచి, మసీదు దేనికోసం ఉందో నెమ్మదిగా వివరించారు. నేల ఒక్క చేదతో శుభ్రమైంది. ఆ మనిషి మనసు విరిగి ఉంటే ఎన్ని చేదలు పోయాలి? మసీదుకు కొత్తగా వచ్చిన కుర్రాడి బట్టల మీద, నిలబడిన తీరు మీద అందరి ముందు అరిచే పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి. ఆ కుర్రాడు రేపు రాకపోతే ఆ బాకీ ఎవరి ఖాతాలో పడుతుంది? ఎవరిలోనైనా తప్పు కనబడితే ప్రవక్త (స) పేరెత్తకుండా, కొందరు ఇలా ఎందుకు చేస్తున్నారో అని అందరికీ కలిపి చెప్పేవారు. ఫిరౌన్‌తో సైతం మెత్తగా మాట్లాడమని మూసా, హారూన్ (అలైహిముస్సలాం)లకు ఆజ్ఞ వచ్చింది (20:44). మనం మూసా కాము, మన ఎదుటివాడు ఫిరౌనూ కాడు.

తోటి ముస్లింతో మూడు రోజులకు మించి మాటలు మానుకోవడం ధర్మసమ్మతం కాదని, ఇద్దరిలో ముందుగా సలాం చేసినవాడే మేలైనవాడని హదీసు. కోపం రావడం సహజమే కనుక షరీఅత్ మూడు రోజుల వెసులుబాటు ఇచ్చింది. మనం మూడు రంజాన్లు దాటించేస్తాం. ఇద్దరి మధ్య రాజీ కుదర్చడం నఫిల్ నమాజు, ఉపవాసం, దానాలకన్నా గొప్పదని ప్రవక్త (స) చెప్పారు. అందుకే అలిగిన ఇళ్ళ మధ్య మాటలు మోయకండి, మంచిని మోయండి.

అన్నిటికన్నా ముందు ఇల్లు

బయట తేనె, ఇంట్లో కారం అయితే అది సత్ప్రవర్తన కాదు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు ప్రవక్త (స)కు సేవ చేశారు. ఆ పదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని చెప్పారు. ఇంట్లో ఉన్నప్పుడు ప్రవక్త (స) ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మనకు ఏ లాభమూ చేయలేని వృద్ధురాలైన తల్లి, నోరెత్తలేని పనివాడు, పక్కన కూర్చున్న పేదవాడు – అసలు పరీక్ష వీరి దగ్గరే. ఖురైష్ పెద్దలతో మాట్లాడుతున్న వేళ అంధుడైన అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చినప్పుడు అబస సూరా అవతరించింది. గొప్పవారి కోసం ఒక పేద అంధుణ్ణి పక్కన పెట్టరాదని ప్రళయం దాకా వచ్చే ప్రజలందరికీ అందులో పాఠం ఉంది.

ఈ నెలలో ఆచరణకు

ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ ప్రశ్నలు ఎవరికి వారు వేసుకోండి.

1. నేను సలాం మానేసినవారు ఎవరైనా ఉన్నారా? మూడు రోజులు దాటిందా?
2. నేను ముఖం చాటేస్తున్న అప్పులవాడు ఉన్నాడా? ఎదురుగా వెళ్ళి ఎప్పుడు మాట్లాడతాను?
3. గోడ అవతలి ఇంటికి చివరిసారి ఏం పంపాను?
4. ఎవరినైనా వృత్తి పేరుతో, కులం పేరుతో, అవిటితనం పేరుతో పిలుస్తున్నానా?
5. ఇవాళ ఇంట్లో ఎవరి మాటను చివరిదాకా విన్నాను?

జవాబులు ఎవరికీ చూపించనక్కరలేదు. ఒక్కొక్క బాకీ ఒక్కొక్కటిగా తీర్చుకుంటూ పోతే చాలు. రేపు ఎవరైనా మన గురించి సాక్ష్యం చెప్పవలసి వస్తే, మన పొరుగువాడు, మనతో లావాదేవీ చేసినవాడు, మనతో ప్రయాణించినవాడు ముగ్గురూ నిస్సంకోచంగా ముందుకు రావాలి.

అల్లాహ్ మన నాలుకలను తోటి మనుషులకు మేలు చేసేవిగా చేయుగాక! ఇతరుల బాకీలతో తన ముందుకు వచ్చే దౌర్భాగ్యం నుంచి మనల్ని, మన పిల్లల్ని కాపాడుగాక! ఆమీన్.